మంత్రాలకు చింతకాయలు రాలతాయా?

మంత్రాలకు చింతకాయలు రాలవని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. తేల్చిన ఆ పెద్దలే పిల్లవాడికి జ్వరం తగిలితే ఎర్రనీళ్ళు దిగదుడిచి నాలుగు బాటలు కలిసేచోట పారబోశారు. ఈ రెండు పనులూ ఒకే చేత్తో చేయగలగడం మనవాళ్ళకు మాత్రమే చెల్లిందని నేను చాలాకాలం అనుకున్నాను. అదే పనిని ఒక సిద్ధాంతంగా మార్చి, పుస్తకాలు రాసి, సంఘాలు పెట్టినవాళ్ళు ఇంగ్లండులో ఉన్నారని ఈమధ్యే తెలిసింది. తెలియజేసినవాడు మా అన్న కొడుకు. మన కాలేజీలోనే ఎమ్మెస్సీ చదువుతున్నాడు.

పరీక్షల ముందు ఒకసారి హాస్టల్లో వాడి గదికి వెళ్ళాను. నోటుపుస్తకం చివరి పేజీలో ఒక వింత బొమ్మ కనిపించింది. ఒక పక్కనుంచి చూస్తే తేలు, ఇంకో పక్కనుంచి చూస్తే తాళంచెవి. ఏమిట్రా ఇది అంటే నవ్వాడు.

"సిజిల్ చిన్నాయనా. కేయాస్ మ్యాజిక్. దీన్ని నిజంగా నమ్మాల్సిన పనిలేదు. కాసేపు నమ్మినట్టు ఉంటే చాలు. నమ్మకం ఒక పనిముట్టు. పనైపోయినంక కింద పెట్టేసుడే."

నవ్వి ఊరుకోవలసినవాణ్ణే. కాని నేను బొల్లారంలో పెరిగినవాణ్ణి. ఆ పనిముట్టు చేయి జారితే ఎవరి మీద పడుతుందో చూసినవాణ్ణి. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ముందు ఆ విద్య ఏమిటో చూద్దాం. పాశ్చాత్య దేశాల మంత్రవిద్యలో పెద్ద దారులు కొన్ని ఉన్నాయి. 1888లో లండన్లో పుట్టిన గోల్డెన్ డాన్ సంఘం ఒకటి. అందులో దీక్షలూ అంగీలూ కత్తులూ కలశాలూ హీబ్రూ దేవతానామాలూ ఉండేవి. ఒక మెట్టు పరీక్ష దాటితేగాని పై మెట్టు ఎక్కనిచ్చేవారు కారు. అచ్చం మన యూనివర్సిటీ లాగే! అందులో 1898లో చేరి, తగవులాడి బయటపడ్డ అలీస్టర్ క్రౌలీ 1904లో థెలీమా అనే తన సొంత మార్గానికి పునాది వేశాడు. ఇంకొకటి విక్కా. బ్రిటన్‌లో మంత్రగత్తెల మీద ఉన్న పాత చట్టం 1951లో రద్దయింది. 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ పుస్తకం రాసి, ఇది మా పూర్వుల మతమేనన్నాడు. పేర్లు వేరైనా వీటికి ఒక పోలిక ఉంది. పద్ధతి ముందే సిద్ధంగా ఉంటుంది. దాని వెనక గ్రంథమో గురువో ఉంటాడు. మనం వెళ్ళి ఆ వరసలో నిలబడాలి.

1970ల చివర పీటర్ కారొల్, రే షెర్విన్ అనే ఇంగ్లీషు యువకులు ఈ సామానంతా ఒకచోట పోసి చూశారు. ఒకరి దేవుడు ఇంకొకరికి దయ్యం, ఒకరి తూర్పు ఇంకొకరికి పడమర. అయినా ప్రతివాడూ నా పద్ధతే పనిచేస్తుందంటాడు. అంటే పనిచేసేది కత్తీ కాదు, పేరూ కాదు; చేసేవాడి మనసు ఉన్న స్థితి. కనక ఇవాళ ఒక దేవతను, రేపు ఇంకొక మతాన్ని, ఎల్లుండి ఒక కథలోని పాత్రను పట్టుకున్నా ఫరవాలేదు. పని జరగడమే ముఖ్యం. ఇదీ వాళ్ళ వాదం. కారొల్ పుస్తకం 'లిబర్ నల్' 1978లో వచ్చింది.

వీళ్ళకు దారి చూపినవాడు ఆస్టిన్ ఆస్మన్ స్పేర్ (1886–1956) అనే లండన్ చిత్రకారుడు, ఒక పోలీసు కొడుకు. ఆయన పద్ధతి ఇలా ఉంటుంది. కోరికను ఒక వాక్యంగా రాయాలి. రెండోసారి వచ్చిన అక్షరాలు కొట్టెయ్యాలి. మిగిలినవాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి బొమ్మ గియ్యాలి. ఊపిరి బిగబట్టో, గంతులేసి అలిసిపోయో, మనసు ఒక్కచోట నిలిచిన క్షణంలో ఆ బొమ్మను చూడాలి. ఆ తర్వాత సంగతి మొత్తం మరిచిపోవాలి. కోరిక గుర్తుంటే పని చెడుతుందట. అదే మా వాడి తేలు.

ఇదంతా వింటే మనకు కొత్తగా ఏమీ అనిపించదు. రాగిరేకు మీద గడులు గీసి బీజాక్షరాలు రాసే యంత్రాలు మనకు తరతరాలుగా ఉన్నాయి. మన మంత్రశాస్త్రం పనులను ఆరుగా విభజించింది: శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం. కారొల్ 1992లో రాసిన 'లిబర్ కేయాస్'లో ఎనిమిది రంగులుగా విభజించాడు. డబ్బుకు నీలం, యుద్ధానికి ఎరుపు, ప్రేమకు ఆకుపచ్చ, చావుకు నలుపు, ఇలా. మనిషి కోరికల జాబితా లండన్లో అయినా లాడ్‌బజార్లో అయినా ఒకటే. తేడా ఎక్కడంటే, మన యంత్రానికి గురువు ఉపదేశం కావాలి, అక్షరం తప్పితే వికటిస్తుందన్న భయం ఉంది. మా వాడి బొమ్మకు గురువూ లేడు, భయమూ లేదు. బాల్‌పెన్ను ఉంటే చాలు.

ఇక మా ఊరు. బొల్లారం అంటే రాష్ట్రపతి నిలయం ఉన్న సికింద్రాబాదు బొల్లారం కాదు. పటాన్‌చెరు పక్కన, మందుల ఫ్యాక్టరీలూ రసాయనాల ఫ్యాక్టరీలూ ఉన్న బొల్లారం. అప్పుడు మెదక్ జిల్లా. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. కంపెనీలు వచ్చాక మా ఊరికి దేశమంతా వచ్చింది. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్, ఇటు శ్రీకాకుళం, పాలమూరు. వాళ్ళతోపాటు వాళ్ళ దేవుళ్ళూ వచ్చారు. ఆషాఢంలో బోనం, సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ, దసరాకు ఆయుధపూజ, కార్తీకంలో ఛఠ్, మొహర్రంలో పీర్ల ముందు ఊదు. నైట్ షిఫ్టుకు పోయే మనిషి మెడలో దర్గా తాయెత్తు, నుదుట ఆంజనేయుడి సిందూరం, జేబులో ప్రార్థన చేసిన నూనె సీసా ఒకేసారి ఉండటం నేను చూశాను. రియాక్టరుకు బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ కొట్టి బ్యాచి మొదలుపెట్టేవాళ్ళు. కొట్టినాయన కెమిస్ట్రీ గ్రాడ్యుయేటు.

నవ్వకండి. మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రజ్ఞుడు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి ఒక సంగతి గమనించాడు. తీరంలోపలి నిలవనీళ్ళలో చేపలు పట్టేటప్పుడు అక్కడివాళ్ళకు మంత్రాలతో పనిలేదు. ప్రాణాపాయం ఉన్న నడిసముద్రానికి పోయేటప్పుడే మంత్రాలు కావాలి. మా దగ్గరా అంతే. ప్యాకింగు సెక్షన్లో నిమ్మకాయ కనిపించదు, రియాక్టరు దగ్గర కనిపిస్తుంది. నిమ్మకాయ వేలాడుతున్నచోట మనిషికి భయం ఉందని, ఆ భయాన్ని తీర్చే ఏర్పాటు ఇంకేదీ అతనికి కనబడటం లేదని అర్థం. 2025 జూన్ 30న మా పక్కనే పాశమైలారంలో ఒక మందుల పరిశ్రమలో పేలుడు జరిగి 50 మందికి పైగా కార్మికులు చచ్చిపోయారు. పొట్టకూటికి పరరాష్ట్రాలనుంచి వచ్చినవాళ్ళు అందులో ఎందరో. నిమ్మకాయ కట్టినవాడి అజ్ఞానాన్ని చూసి నవ్వేముందు, నిమ్మకాయ తప్ప వేరే దిక్కు లేకుండా చేసిందెవరో అడగాలి.

సరే, ఏ దేవుడైనా ఫరవాలేదు, పని జరిగితే చాలు అనే మా బొల్లారం వాళ్ళంతా తమకు తెలియకుండానే కేయాస్ మాంత్రికులా? మొదట నాకూ అలాగే తోచింది. ఆలోచిస్తే కాదనిపించింది. మా అమ్మ ఎల్లమ్మకు మొక్కితే అది ఒక అప్పు. కోరిక తీరినా తీర్చడం ఆలస్యం చేస్తే ఇంట్లో ఎవరికి కురుపు లేచినా "తల్లి యాది చేస్తున్నది" అనేది. సిజిల్ గీసినవాడు మరిచిపోవాలి, మొక్కినవాడు మరిచిపోకూడదు. మొక్కు తీర్చే రోజు కల్లు సాక పోసి యాటను కోస్తే వాడకట్టంతా తింటుంది. మా నమ్మకానికి చుట్టాలున్నారు, ఇరుగుపొరుగు ఉంది, ఏటేటా తీర్చే బాకీ ఉంది. మా వాడి తేలుకు ఎవరూ లేరు. ఆ లెక్కన మా అమ్మదే మేలైన దారి అని ఇక్కడే వ్యాసం ముగించేవాణ్ణి. కాని చుట్టాలున్న ఆ నమ్మకానికే ఇంకో ముఖం ఉంది. మేలు చేసినందుకు ఒక తల్లి ఉంటే, కీడు చేసినందుకూ ఎవరో ఒకరు ఉండాలి కదా!

తెలంగాణలో, అటు కర్ణాటక బీదరు, గుల్బర్గా వైపు, మరాఠ్వాడాలో ఆ ముఖానికి పేరు బాణామతి. బట్టలు వాటంతటవే అంటుకుంటాయి, ఇంటి మీద రాళ్ళు పడతాయి, బర్రె పాలు ఎండిపోతాయి, ఆడవాళ్ళు ఒళ్ళు తెలియక అరుస్తారు. ఎవరో చేశారు. ఎవరు?

నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి మాట. మా వాడకట్టులో వారం రోజుల్లో మూడు బర్రెలు చచ్చాయి. కొత్తకోడలు ఒకామె సందెవేళ పళ్ళు గిట్టకరిచి పడిపోవడం మొదలుపెట్టింది. మా వాడ చివర తడికల గుడిసెలో ఒక అవ్వ ఉండేది. మొగుడు లేడు, కొడుకులు లేరు. చెట్ల మందులు తెలుసు. మా ఈడు పిల్లల్లో సగంమందిని పుట్టించింది ఆమే. పురుడు పోసేదాన్ని మన భాషలో మంత్రసాని అంటాం. ఆ మాటలో మంత్రం ఉందని నాకు ఆ రాత్రిదాకా తట్టలేదు.

పోచమ్మ వేపచెట్టు కింద మగవాళ్ళంతా కూర్చున్నారు. మా నాయన కూడా ఉన్నాడు. ఎవరో నన్ను పిలిచి, "అవ్వ ఇంట్ల ఉన్నదా చూసిరా పో" అన్నారు. పోయాను. దీపం పెట్టుకుని కూర్చుంది.

"ఏం బిడ్డా, గింత రాత్రి వచ్చినవ్? అమ్మకు పానం మంచిగ లేదా? ఆగు, వస్తున్న" అని కట్టె పట్టుకుని లేచింది.

నేను ఏమీ అనలేదు. ముందు నేను, వెనక అవ్వ. వేపచెట్టు దాకా నేనే తీసుకొచ్చాను. పళ్ళు లేకపోతే మంత్రం నోరు తిరగదని ఒక నమ్మకం ఉంది. రాయి తెచ్చారు. మా నాయన లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. అంతకంటే ఏమీ చేయలేదు. తెల్లారేసరికి అవ్వ గుడిసె ఖాళీ. తమ్ముడి ఊరికి పోయిందన్నారు. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాతి వారం పశువుల డాక్టరు వచ్చాడు. బర్రెలు తాగే వాగు నీళ్ళు సీసాలో పట్టి, వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. ఈ నీళ్ళు తాపొద్దన్నాడు. ఆ నీళ్ళ రంగు మేమంతా రోజూ చూస్తున్నదే, ఆ కంపు రోజూ పీలుస్తున్నదే. అయినా వేలు వాగు వైపు పోలేదు. వాగుకు ఎగువనున్న గోడకు గేటుంది, గేటుకు వాచ్‌మన్ ఉన్నాడు. అవ్వ గుడిసెకు తడిక మాత్రమే ఉంది. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. నక్కవాగు పేరు దేశానికి తెలిసింది. అవ్వ పేరు ఏ కోర్టుకూ తెలియదు.

నా అభిప్రాయం ఇక్కడ చెప్పేస్తాను. మంత్రమార్గాలను తెల్లవీ నల్లవీ అని, మనవీ పరాయివీ అని, పాతవీ కొత్తవీ అని విడదీయడంవల్ల ప్రయోజనం లేదు. గీత గియ్యవలసింది ఒకేచోట. నీ నమ్మకం బరువు నువ్వు మోస్తున్నావా, ఇంకొకరి నెత్తిన పెడుతున్నావా? బోనమెత్తిన మా అమ్మ తన బరువు తానే మోసింది. సిజిల్ గీసిన మా వాడూ అంతే. ఆ రాత్రి వేపచెట్టు కింద కూర్చున్నవాళ్ళు తమ భయాన్ని ఒక ముసలమ్మ నోట్లో పెట్టి రాయితో కొట్టారు.

ఆ లెక్కన కేయాస్ మ్యాజిక్‌కు ఒక మంచి మార్కు వెయ్యాలి. నమ్మకం నమ్మకమేనని, దాన్ని కింద పెట్టవచ్చని దానికి తెలుసు. మా వాడకట్టుకు తెలియనిది అదే. తమ చేతిలో ఒక పనిముట్టు ఉందని కూడా వాళ్ళకు తెలియదు; అదే లోకం అనుకున్నారు.

అయితే రెండు చోట్ల మార్కులు కోసెయ్యాలి. ఆ విద్య ఫలితమే ముఖ్యమంటుంది, బాగానే ఉంది. మరి కోరిక మరిచిపొమ్మన్నాక తీరని కోరికల లెక్క ఎవరు రాస్తారు? డైరీ పెట్టమని కారొల్ చెప్పాడు నిజమే. కాని తగిలిన రాయిని గుర్తుంచుకుని తగలని రాళ్ళను వదిలేయడం మనిషి స్వభావం; మరిచిపోవడమే నియమమైనచోట ఆ స్వభావానికి ఇంకా సులువు. మేము ల్యాబులో పనిచేసే రోజుల్లో చెడిపోయిన రీడింగు రికార్డులోంచి కొట్టేస్తే డిమాన్‌స్ట్రేటరు రికార్డు విసిరికొట్టేవాడు. ఫెయిలైనదాన్ని కూడా సిరాతో రాయడం, సైన్సుకూ మంత్రానికీ మధ్య ఉన్న అసలు తేడా నాకు ఇదొక్కటే కనిపిస్తుంది.

రెండోది ఇంకా పెద్ద తప్పు. అన్ని నమ్మకాలూ సమానమే, ఏదైనా తొడుక్కోవచ్చు, ఏదైనా విప్పేయవచ్చు అనేవాడు ఆ రాత్రి వేపచెట్టు కింద ఉంటే ఏ మాట చెప్పి రాయి ఆపగలడు? వాళ్ళదీ ఒక పద్ధతేనంటాడా? కొన్ని నమ్మకాలు తప్పు, అబద్ధం, నేరం అని నిలబడి చెప్పాలంటే కాళ్ళ కింద కదలని నేల ఒకటి కావాలి.

చదువుకున్నవాళ్ళం మనం వేరని మురిసిపోనక్కర్లేదు. 1980లలో యండమూరి 'తులసిదళం' కోసం హాస్టళ్ళలో మేమే ఎగబడ్డాం. రంగనాయకమ్మ దాన్ని 'తులసిదళం కాదు, గంజాయిదమ్ము' అని విమర్శిస్తే మేమే కోప్పడ్డాం. చదివినంతసేపు భయపడి, లైటార్పి నవ్వుకున్నవాళ్ళం మేము. మా వాడకట్టుకు లైటార్పే అవకాశం లేదు. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊళ్ళు తిరిగి చూపించేవి మన ల్యాబులో ఉన్న సంగతులే: పసుపుకు సున్నం తగిలితే ఎరుపు, కత్తికి మిథైల్ ఆరెంజ్ పూసి నిమ్మకాయ కోస్తే 'నెత్తురు', పొటాషియం పర్మాంగనేటు మీద గ్లిజరిన్ చుక్కలు పడితే కాసేపటికి మంట. మంచి పని. కాని బాబా గుట్టు రట్టు చేయడం సులువు, బర్రె ఎందుకు చచ్చిందో చెప్పడం కష్టం. ఆ రెండోది చెప్పకపోతే ఊరు మళ్ళీ అవ్వ గుడిసె వైపే చూస్తుంది. నీళ్ళు పరీక్ష చేసి కాగితం చేతికివ్వాలి, పడిపోయే కోడల్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి, గేటు ముందు నిలబడి అడగాలి.

చట్టాలు లేకపోలేదు. మంత్రతంత్రాలతో, తాయెత్తులతో రోగాలు నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించిన కేంద్ర చట్టం 1954లోనే వచ్చింది. ఆడవాళ్ళను మంత్రగత్తెలని హింసించడం మీద బీహారు 1999లో చట్టం చేసింది. హేతువాది నరేంద్ర దభోల్కర్‌ను పూనాలో కాల్చి చంపాక 2013లో మహారాష్ట్ర, తర్వాత 2017లో కర్ణాటక ఇలాంటి అమానుషాల మీద చట్టాలు చేశాయి. మన దగ్గరా అలాంటిది కావాలని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. అయితే రాయెత్తిన చేతిని చట్టం మర్నాడు పట్టుకుంటుంది. ఆ రాత్రి పట్టుకోవలసింది పక్కన కూర్చున్నవాడు. లేచి ఇంటికి వెళ్ళిపోయేవాడు. కబురు మోసే పిల్లవాడు.

మా అన్న కొడుకును నేను తిట్టలేదు. పరీక్ష పాసయ్యాడు. సిజిల్ వల్లేనా అంటే, "చదివిన కదా చిన్నాయనా" అని నవ్వాడు. అవ్వ సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, "మరి నువ్వు అప్పుడు ఎందుకు చెప్పలేదు, అవ్వకు?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. చిన్నపిల్లవాణ్ణి అనవచ్చు. మా నాయన చిన్నపిల్లవాడు కాదుగదా.

విద్యార్థి మిత్రులారా, మీలో చాలామంది సెలవులకు ఊళ్ళకు పోతారు. ఏదో ఒక వేపచెట్టు కింద ఏదో ఒక రాత్రి మిమ్మల్నీ పిలుస్తారు. డిగ్రీ చదివినవాడివి, నువ్వేమంటావని అడుగుతారు. ఆ రోజు ఏ మార్గం గొప్పదన్న చర్చ అక్కర్లేదు. వాగు నీళ్ళు సీసాలో పట్టండి. అవ్వ గుమ్మంలో కూర్చోండి.

మంత్రాలకు చింతకాయలు రాలవు. మంత్రం పెట్టిందన్న అనుమానానికి ఒక ముసలమ్మ పళ్ళు రాలడం మాత్రం నేను చూశాను.